ఎవరూ తుడవని ఓడ

2010 డిసెంబరులో ఇంగ్లండులో పడినంత చలి, 1910 నుంచి అక్కడి వాతావరణ శాఖ దగ్గరున్న లెక్కల్లో మరే డిసెంబరులోనూ పడలేదని తరువాత పత్రికల్లో చదివాను. ఆ నెలకు నేను నాటింగ్‌హామ్ చేరి సరిగ్గా మూడు నెలలు. ఒంటిమీది కోటు హైదరాబాదు కోఠిలో బేరమాడి కొన్నది. కాళ్ళకున్న బూట్లు మంచులో నాలుగడుగులు వేయగానే నీళ్ళు తాగేవి. ఒక సాయంత్రం ఊరవతల గిడ్డంగిలో పని అడగడానికి వెళ్ళి, ఖాళీ లేదనిపించుకుని, నేనూ నా గదిలో ఉండే కర్నూలు అబ్బాయీ తిరిగి నడిచి వస్తుండగా, ఇక తన చేతివేళ్ళు తనవి కావని చెప్పి అతడు నన్ను కోటగుట్ట వైపు లాక్కుపోయాడు. ఆ గుట్ట అడుగున, కొండరాతికి వీపు ఆనించి కూర్చున్నట్టుగా, తెల్లని గోడల పబ్బు ఒకటి ఉంది. గోడమీద నల్లని పెద్ద అక్షరాలతో దాని పేరూ, క్రీ.శ. 1189 అని సంవత్సరమూ, ఇంగ్లండులో అన్నిటికంటే పాత సత్రం ఇదేనన్న మాటా రాసి ఉన్నాయి. పేరు 'యీ ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం'. ఊరివాళ్ళకు అంత ఓపిక ఉండదు కనుక 'ట్రిప్' అని ఊరుకుంటారు.

గడప దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మాది భువనగిరి. కల్లు కాంపౌండు గోడ పక్కనుంచి నడిచి వచ్చినా ఎందుకు ఆ దారిన వచ్చావని నిలబెట్టి అడిగే ఇల్లు మాది. తాగనక్కర్లేదు, నిమ్మకాయ సోడా చెప్పుకుని రాత్రిదాకా కూర్చున్నా లేవమనరు, లోపల వెచ్చగా ఉంటుంది అని కర్నూలు అబ్బాయి నచ్చజెప్పాడు. మూడో మాట ఒక్కటే నా చెవిన పడింది. లోపలికి వెళ్ళాను.

ముందు వాకిలి భాగం మాత్రమే కట్టడం. వెనక్కి పోయేకొద్దీ ఇటుకా సున్నమూ అయిపోయి కొండే గది అవుతుంది. తల తగిలేంత తక్కువ ఎత్తు కప్పు, వంకరటింకర మెట్లు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పాముపుట్టలో దారిలాగా సందులు. మేడమీద 'రాక్ లౌంజ్' అనే గది ఉంది. దాని గోడలూ కప్పూ ఎవరూ కట్టినవి కావు, ఇసుకరాతిని తొలిచి తీసినవి. ఒక మూల రాతిలోంచి పైకి తొలిచిన పాత పొగగొట్టం నల్లగా నోరు తెరుచుకుని ఉంటుంది. గోడమీద బొటనవేలితో రాస్తే సన్నని ఇసుక వేలికి అంటుకుని వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇనుప గునపం తగిలితే నిప్పులు రాలే నల్లరాతి గుట్ట కింద పెరిగినవాణ్ణి. ఒక రాజు కోట నిలబడ్డ కొండ బెల్లపుగడ్డలా వేలికి రాలిపోవడం నాకు నమ్మశక్యం కాలేదు.

అక్కడే, గాజు పెట్టెలో, ఆ కొయ్య ఓడ ఉంది.

పాతకాలపు తెరచాప ఓడకు చిన్న నమూనా అది. తెరచాపలు ఎక్కడున్నాయో, తాళ్ళు ఎక్కడున్నాయో పోల్చుకోలేనంతగా దానిమీద మట్టీ బూజూ మందంగా పేరుకుని, ఓడ కంటే ఓడమీది ధూళే ఎక్కువగా కనిపించింది. నేను దానివైపు అదేపనిగా చూడడం గమనించి, పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ముసలాయన ఒకరు నన్ను 'మీ డక్' అని పిలిచారు. బాతు అంటున్నాడేమిటని కర్నూలు అబ్బాయి ముఖం చిట్లించాడు కానీ, ఆ ప్రాంతంలో అది మనవైపు 'బిడ్డా' అన్నట్టుగా ఆడా మగా తేడా లేకుండా ఎవరినైనా ఆప్యాయంగా పిలిచే పిలుపని ఆ తర్వాత బస్సు డ్రైవర్లూ కూరగాయల దుకాణంలోని అవ్వలూ పిలవగా పిలవగా తెలిసింది. ఆ ముసలాయన చెప్పిన సంగతి ఇది. ఆ ఓడను తుడిచినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ అనుకోని చావు చచ్చారు. అందుకని పబ్బు నడిపేవాళ్ళెవరూ ఆ తర్వాత దానిమీద గుడ్డ పెట్టనివ్వలేదు. ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కింద కూర్చున్నవాళ్ళ నెత్తిమీదా గ్లాసుల్లోనూ పడుతుంటే, చివరికి గాజు పెట్టెలో పెట్టారు. తుడవడం కంటే గాజు పెట్టె చేయించడమే క్షేమమనుకున్నారన్నమాట. ఇదంతా ఆయన నవ్వకుండా చెప్పారు. చెప్పి, తన గ్లాసులోకి ఒకసారి తొంగి చూసుకుని, మిగిలింది తాగేశారు.

ఆ రాత్రి గదికి వెళ్ళాక నిద్ర పట్టలేదు. అది దయ్యం వల్లనా, హీటరు మీటరులో డబ్బులు అయిపోవడం వల్లనా అన్నది చెప్పలేను.

ఆ చలికాలమంతా వారానికొకసారైనా అక్కడికి వెళ్ళాను. నిమ్మకాయ సోడా ఒకటి తీసుకుని, చదవాల్సిన కాగితాలు ముందేసుకుని, రాతిగోడ వారగా కూర్చునేవాణ్ణి. చదువు ఎంత సాగిందో కానీ ఆ పబ్బు గురించి మాత్రం చాలా తెలుసుకున్నాను. మొదట తెలిసింది, గోడమీది 1189 అన్న అంకెకు కాగితం ఆధారమేదీ లేదని. ఆ ఏడు సెప్టెంబరు 3న సింహహృదయుడనే పేరున్న మొదటి రిచర్డు ఇంగ్లండు రాజుగా కిరీటం పెట్టుకున్నాడు; ఆయన వెంట జెరూసలేం యుద్ధానికి బయలుదేరిన సైనికులు ఈ కొండ అడుగున ఆగి గొంతు తడుపుకున్నారని కథ. 'ట్రిప్' అంటే పాత ఇంగ్లీషులో ప్రయాణం కాదు, ప్రయాణం మధ్యలో ఆగడమని దానికొక వ్యాఖ్యానం కూడా ఉంది. ఇప్పుడు కనిపిస్తున్న కట్టడం మాత్రం 17వ శతాబ్దపుది. దీనికంటే ముందు ఇక్కడ పైనున్న కోటకు బీరు కాచే వంటశాల ఉండేదంటారు. ఆ ఆవరణ పేరు ఇప్పటికీ బ్రూహౌస్ యార్డే. పైగా పాతదనంలో పోటీకి అదే ఊళ్ళో మరో రెండు పబ్బులున్నాయి: 'సాల్యుటేషన్' తనది 1240 అంటుంది, 'బెల్' తనది 1437 అంటుంది. మా భువనగిరి బస్టాండు దగ్గర రెండు మిఠాయి దుకాణాలు, రెండింటి మీదా 'అసలైన పాత దుకాణం ఇదే' అనే బోర్డులుండేవి. నాకు ఆ సంగతే గుర్తుకొచ్చింది.

రిచర్డు నాటింగ్‌హామ్ రావడం మాత్రం చరిత్రలో గట్టిగా నమోదైన విషయమే, అయితే అది జెరూసలేం వెళ్ళేటప్పుడు కాదు. వెళ్ళి, తిరుగుదారిలో శత్రువుల చెరలో చిక్కి, విడుదలై వచ్చాక, 1194 మార్చిలో, తన తమ్ముడు జాన్ మనుషుల చేతుల్లో ఉన్న ఈ కోటనే ముట్టడించి లొంగదీసుకున్నాడు. గోడమీద 1194 అని రాసుకుంటే ఎవరూ కాదనలేరు. కానీ తిరిగొచ్చి తన కోట మీద తానే దండెత్తిన రాజు కంటే, దేవుడి ఊరికి బయలుదేరిన రాజు గోడమీద బాగుంటాడు కాబోలు.

నాటింగ్‌హామ్ ఊరంతా ఇలాంటి గుహల మీదే నిలబడి ఉంది. మనుషులు తవ్వినవి ఎనిమిది వందలకు పైగా లెక్కకు వచ్చాయి. 9వ శతాబ్దంలో రాజు ఆల్ఫ్రెడ్ చరిత్ర రాసిన అస్సర్ అనే మతగురువు ఆ ఊరి పేరును గుహల ఇల్లు అనే అర్థం వచ్చేలా వెల్షు మాటలో రాశాడు. ఆ గుహల్లో తోళ్ళు ఊనేవారు, బీరు నిలవ చేసేవారు, పేదలు కాపురాలుండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 మే నెలలో జర్మను విమానాలు ఊరిమీద బాంబులు కురిపించిన రాత్రి జనం వాటిల్లో తలదాచుకున్నారు. ఇసుకరాయి కనుక మామూలు పనిముట్టుకే లొంగుతుంది. తవ్విన తర్వాత కూలిపోదు. ఎండాకాలమూ చలికాలమూ లోపలి వేడి దాదాపు ఒకేలా ఉంటుంది. బీరు కాచేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నాకూ ఆ చలిలో ఇంతకంటే ఏం కావాలి?

దయ్యాల కథలు అక్కడ ఓడ ఒక్కదానితో ఆగవు. బల్లలు తుడిచే అమ్మాయి ఒకతె, చదువుకుంటూ పనిచేసేది, పబ్బు మూసే వేళకు కింద రాతి నేలమాళిగలో ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపిస్తుందనీ, ఎవరూ ముట్టని గ్లాసులు పగులుతాయనీ చెప్పింది. ఆ నేలమాళిగలో ఒకప్పుడు కోడిపందేల గుంట ఉండేదని, ఖైదీలను ఉంచేవారని కూడా అక్కడ చెప్పుకునేవారు. నువ్వు నమ్ముతావా అని అడిగితే, "నమ్మను. కానీ ఒక్కదాన్నే కిందికి దిగను" అంది. మా నాయనమ్మ కూడా ఇంతే. దయ్యాల్లేవు, భూతాల్లేవు, అంతా మనిషి భయమే అని పగలంతా మాకు బుద్ధులు చెప్పి, చీకటి పడ్డాక ఊరి చివరి చింతతోపు వైపు నీళ్ళకు వెళ్ళాల్సి వస్తే మాత్రం మనవళ్ళలో ఒకణ్ణి వెంటబెట్టుకునేది. కొరివి దయ్యం ఉందని ఏనాడూ ఒప్పుకోలేదు. ఒంటరిగా ఏనాడూ వెళ్ళనూ లేదు.

ఒక తేడా మాత్రం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. మావైపు దయ్యం ఉన్నచోటికి వెళ్ళవద్దంటారు. పిల్లలను అటు చూడనివ్వరు. ఆ చెట్టు చింతకాయలు ఎవరూ కోయరు. ఇక్కడ దయ్యం ఉన్నచోట బల్లలు వేసి, బంగాళాదుంపలూ మాంసపు పైలూ వడ్డించి, రండి చూడండని పిలుస్తున్నారు. భయాన్ని ఇంట్లో మనిషిలాగా, కాస్త ముసలితనం వచ్చిన మేనమామలాగా, మూల కుర్చీలో కూర్చోబెట్టి చూసుకుంటున్నారు. అది ధైర్యమో వ్యాపారమో అప్పుడు తేల్చుకోలేకపోయాను, ఇప్పుడు రెండూ అనుకుంటున్నాను.

2011 వసంతంలో, మంచు కరిగి రోడ్లు కనిపించాక, గుట్టమీది కోటకు వెళ్ళాను. కోట అని వెళ్ళినవాళ్ళకు అక్కడ కోట కనిపించదు. 1068లో, ఇంగ్లండును గెలిచి రాజైన విలియం కట్టించిన కోటను అంతర్యుద్ధం తర్వాత 1651లో కూలగొట్టారు; ఆ స్థలంలో ఒక ప్రభువు కట్టుకున్న భవనాన్ని 1831లో ఓటుహక్కు అల్లర్లలో జనం తగలబెట్టారు; మొండిగోడలను బాగుచేసి 1878లో ప్రదర్శనశాల చేశారు. బయట రాబిన్ హుడ్ విగ్రహం దగ్గర ఫొటోలు దిగుతున్నవాళ్ళను దాటుకుని, నేను వెళ్ళింది ఆ కొండ కడుపులోని సొరంగం కోసం. దాని పేరు 'మోర్టిమర్స్ హోల్'.

సొరంగమంటే నాకు చిన్నప్పటి పిచ్చి. భువనగిరి గుట్టమీది కోట నుంచి గోల్కొండ దాకా సొరంగం ఉందని మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ విన్నాడు. దాంట్లోకి వదిలిన మేక గోల్కొండలో తేలిందని నాయనమ్మ చెప్పేది. మేక మెడలో గంట కట్టారు కనుక అది మన మేకేనని పోల్చుకున్నారట. మేమంతా ఎండాకాలం సెలవుల్లో ఆ గుండ్రాయి గుట్ట ఎక్కి, కనిపించిన ప్రతి రాతి సందులోనూ తల దూర్చి, గబ్బిలాల కంపు తప్ప మరేమీ దొరక్క దిగివచ్చేవాళ్ళం. అలాంటివాడికి టికెట్టు కొనుక్కుంటే నిజంగా సొరంగంలోకి తీసుకుపోతామంటే ఎలా ఉంటుంది! ఇసుకరాతిలో కోసిన మెట్లు నిట్టనిలువుగా దిగాయి. అక్కడక్కడ కొండ పక్కకు తొలిచిన కంతల్లోంచి పలచని వెలుగు పడుతోంది. గోడలమీద వందల ఏళ్ళుగా వచ్చిపోయినవాళ్ళు చెక్కుకున్న పేర్లు. ప్రేమికుల పేర్లు చెక్కడంలో మనకూ వాళ్ళకూ తేడా లేదని ఆ చీకట్లో నవ్వుకున్నాను.

దారిచూపే మనిషి కథను సొరంగం మధ్యలో ఆపి చెప్పాడు. 1327లో రెండో ఎడ్వర్డును గద్దె దింపి, ఆయన భార్య ఇసబెల్లా రాణీ, ఆమె ప్రియుడు రోజర్ మోర్టిమరూ, ఆమె కొడుకు మూడో ఎడ్వర్డు పేరుమీద దేశాన్ని ఏలుతున్నారు. 1330 అక్టోబరులో వాళ్ళు ఈ కోటలో ఉన్నారు. రాణి కోట తాళాలను ప్రతి రాత్రీ దిండు కింద పెట్టుకుని పడుకునేదట. అక్టోబరు 19 రాత్రి, ఇంకా పద్దెనిమిదో ఏడు నిండని మూడో ఎడ్వర్డు పక్షాన విలియం మాంటెగ్యూ అనే యువకుడు కొద్దిమందిని వెంటబెట్టుకుని, కోట సంగతులన్నీ తెలిసిన విలియం ఈలండ్ దారి చూపగా, తాళాలతో పనిలేని దారిన, కొండ లోపలినుంచి పైకి ఎక్కాడు. మోర్టిమర్‌ను పట్టుకున్నారు. "నాయనా, మంచివాడైన మోర్టిమర్ మీద దయచూపు" అని రాణి కొడుకును బతిమిలాడిందని ఆ కాలపు చరిత్రకారుడొకడు రాశాడు. కొడుకు చూపలేదు. నవంబరు 29న లండను దగ్గర టైబర్న్‌లో మోర్టిమర్‌ను ఉరితీశారు. అప్పటినుంచీ అతడు ఈ సొరంగంలో తిరుగుతున్నాడనీ, రాణి ఏడుపు వినిపిస్తుందనీ ఊరంతా చెప్పుకుంటారు. ఆ రాత్రి వాళ్ళు ఎక్కిన దారి ఇది కాదు, కొండలోనే ఉన్న మరో దారి అనే పండితులూ ఉన్నారు. పాపం, ఆ లెక్కన మోర్టిమర్ ఇన్నేళ్ళుగా దారి తప్పి తిరుగుతున్నాడనుకోవాలి.

రాణి దయ్యం సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. మంచి భరణంతో, ఎక్కువ కాలం నార్‌ఫోక్‌లోని కాజిల్ రైజింగ్ అనే కోటలో, మనవళ్ళను చూసుకుంటూ, 1358లో పోయింది. ఆ కోటవాళ్ళు కూడా ఆమె దయ్యం తమ దగ్గరే ఉందంటారు. ఒక్క ఆత్మ కోసం రెండు ఊళ్ళు పోటీపడుతున్నాయన్నమాట. సొరంగం చివర చిన్న ఇనుప తలుపు తెరుచుకుని, బ్రూహౌస్ యార్డులో, ఎండలోకి వచ్చి పడ్డాం. ఎదురుగా ట్రిప్ తెల్లగోడ. నేరుగా వెళ్ళి నా నిమ్మకాయ సోడా చెప్పాను. పై అంతస్తులో మోర్టిమరూ నేనూ ఒకే కొండ లోపల కూర్చున్నాం అనిపించింది.

అదే పబ్బులో గోడకు ఎద్దు కొమ్ము ఒకటి బిగించి, కప్పునుంచి తాడుకు వేలాడదీసిన ఇనుప రింగును ఊపి దానికి తగిలించే ఆట ఉంది. చూడ్డానికి పిల్లల ఆటే. ఆ ముసలాయన బల్ల దగ్గరనుంచి లేవకుండానే, చేయి కొంచెం విదిలించి, పదింట ఎనిమిదిసార్లు వేసేవారు. నాకు ఏడు నెలలు పట్టింది. మొదటిసారి రింగు కొమ్ముకు చిక్కి 'టింగ్' మన్నప్పుడు ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఊళ్ళో నా కోసం ఎవరైనా లేచి నిలబడడం అదే మొదటిసారి. ఆయన పేరు నేను అడగలేదు, ఆయన నా పేరు పలకలేకపోయారు. ఆ ఏడు ఆకులు రాలే కాలం తర్వాత ఆయన బల్ల ఖాళీగా కనిపించడం మొదలైంది. కొన్నాళ్ళు పోయాక బల్లలు తుడిచే అమ్మాయిని అడిగితే, ఊరికే తల అడ్డంగా ఊపింది. "ఆయన ఓడను తుడిచాడా?" అని అడగబోయి నోరు కుట్టేసుకున్నాను.

2011 డిసెంబరులో నా స్నాతకోత్సవానికి అమ్మా నాయినా వచ్చారు. విమానం ఎక్కడం ఇద్దరికీ అదే మొదటిసారి. ఊళ్ళో చూపించాల్సినవన్నీ చూపించాక, ఇక్కడ మాకు సాయంత్రాలు గడిచిన చోటు ఒకటుంది, తాగుడు కోసం కాదు, చూస్తే మీకే అర్థమవుతుందని భయపడుతూనే ట్రిప్‌కు తీసుకెళ్ళాను. నాయిన సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన పంతులు. గుమ్మం బయటే ఆగి, గోడమీది 1189ని చూసి, వేళ్ళమీద లెక్కవేసుకుని, "కాకతి రుద్రదేవుడి కాలం. మన వేయిస్తంభాల గుడికి అప్పటికే ఇరవై ఆరేండ్లు" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో ఆయనకు ఆ పబ్బు బంధువైపోయింది; లోపలికి హాయిగా నడిచారు.

అమ్మ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎవరికీ తగలకుండా మెట్లెక్కింది. రాక్ లౌంజ్‌లో ఓడను చూసి ఆగింది.

"గింత బూజు పట్టిందేంది బిడ్డా? వీళ్ళకు ఒక సీపురు దొరకలేదా?"

"తుడిచినోళ్ళు ముగ్గురు సచ్చిపోయిండ్రట అమ్మా. అందుకే ముట్టుకోరు."

అమ్మ ఆ గాజు పెట్టె చుట్టూ ఒకసారి చూసి, కింద బల్లల దగ్గర గ్లాసులు పట్టుకుని నవ్వుతున్నవాళ్ళను ఒకసారి చూసి, "తుడువకుంటె సావరా మరి?" అంది.

నాయిన పెద్దగా నవ్వారు. నేను ఆ ప్రశ్నను ఇప్పటిదాకా ఎవరికి చెప్పినా వాళ్ళూ నవ్వారు. అసలు ఆ మట్టి శాపం కాదనీ, ఏ గోడ ముట్టుకున్నా రాలే ఇసుకరాయి కింద వేలాడే ఏ వస్తువైనా అలాగే ఉంటుందనీ, దానికి తోడు 2007 జూలై 1న పబ్బుల్లో పొగతాగడం నిషేధించేదాకా ఆ గదిలో తరతరాలు ఊదిన చుట్టల పొగ అంటుకుందనీ నాకొక లెక్క ఉంది. ఆ లెక్క అమ్మకు చెప్పాను. అయితే ఇంకా తుడవాలి కదా అంది. ఇల్లు ఊడవకుండా పొయ్యి వెలిగించని మనిషికి శాపం కారణంగా చూపించడం దండగే.

పక్కన మరో వస్తువు ఉంది. పాతకాలపు చెక్క కుర్చీ. దానిమీద కూర్చున్న ఆడవాళ్ళకు తొందరగా కడుపు పండుతుందని అక్కడి నమ్మకం. మేము వెళ్ళిన రోజున దానిమీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. ఓడ శాపం మాత్రమే చెప్పి ఊరుకుంటే అమ్మ చులకన చేస్తుందేమోనని, ఈ సంగతి కూడా నవ్వుతూ చెప్పాను. మా అక్కకు అప్పటికి పెళ్ళై నాలుగేళ్ళు. చెప్పిన తర్వాతగానీ ఏం చెప్పానో నాకు తట్టలేదు. అమ్మ ఏమీ అనలేదు. నాయిన పొగగొట్టంలోకి తల పెట్టి చూస్తున్న సమయంలో, ఆ కుర్చీ చేతిని వేళ్ళ కొసలతో తాకి, ఆ వేళ్ళను కళ్ళకద్దుకుంది. దయ్యపు ఓడను చీపురుతో బెదిరించిన మనిషే. నేను గోడమీది రాతలు చదువుతున్నట్టు అటు తిరిగాను.

అక్కకు 2013 వేసవిలో పాప పుట్టింది. అమ్మ ఆ పుణ్యాన్ని కుర్చీ ఖాతాలో వేయలేదు. యాదగిరిగుట్ట నరసింహస్వామి ఖాతాలోనే వేసి, మొక్కు తీర్చింది. కుర్చీ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అప్పటికి నేను తిరిగి వచ్చేశాను. చదువు తర్వాత రెండేళ్ళు ఉండి పనిచేసుకోనిచ్చే వీసాను 2012 ఏప్రిల్‌లో కొత్తవాళ్ళకు ఆపేశారు; ముందే తీసుకున్నవాణ్ణి కనుక నాది 2013 దాకా సాగింది. బయలుదేరే ముందు సాయంత్రం ఒక్కణ్ణే ట్రిప్‌కు వెళ్ళాను. రింగు మూడుసార్లు విసిరితే మూడుసార్లూ తప్పింది. ఓడమీద మట్టి అంతే ఉంది. ఇంకొంచెం పెరిగిందో లేదో గాజులోంచి తెలియలేదు.

భువనగిరిలో ఆ ఎండాకాలం రాత్రుళ్ళు గంటలకొద్దీ కరెంటు పోయేది. వాకిట్లో మంచాలు వేసుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా అమ్మ చుట్టూ చేరేవారు. ఒక రాత్రి నేను అరుగుమీద పడుకుని వింటుండగా, అమ్మ ఇంగ్లండు దయ్యపు ఓడ కథ చెప్పడం మొదలుపెట్టింది. ఓడ మంచమంత అయింది. గుహ మన గుట్టంత లోతైంది. "తుడిచినోళ్ళు ఏడుగురు. ఏడుగురికి ఏడు దినాలు గూడ నిండలే" అంది. నేను తలెత్తి చూశాను. అమ్మ నావైపు చూడలేదు. ముగ్గురే కదా అని అనాలనిపించింది. రిచర్డు, 1189, తెల్లగోడ మీది నల్లని అక్షరాలు గుర్తొచ్చి మళ్ళీ పడుకున్నాను.

"నిజమేనా నాయినా, నువ్వు గూడ సూసినవా?" అని పక్కింటి పెద్దమ్మ నన్ను అడిగింది.

"చూసిన పెద్దమ్మా. ఓడ ఉన్నది, మట్టి ఉన్నది" అన్నాను.

ఆమె కాసేపు ఊరుకుని, గుట్టవైపు చేయి చూపించి, "మన సొరంగంల గూడ గంతే. మేకను తోలిండ్రంటరు గని, మేక ఎనుక ఒక పిల్లగాడు గూడ పోయిండు. గంట సప్పుడు ఇనొచ్చినన్ని దినాలు ఆని తల్లి గుట్ట కిందనే కూసున్నదట" అని మొదలుపెట్టింది. నాయనమ్మ ఏనాడూ చెప్పని పిల్లవాడు ఎక్కడినుంచి వచ్చాడో తెలియదు కానీ, మంచాలన్నీ ఆమెకు దగ్గరగా జరిగాయి. మధ్యలో కరెంటు వచ్చి వీధి దీపం వెలిగింది. ఎవరూ లేవలేదు.